నాలుగో గుండీ

పదకొండు దాటింది. నిద్ర రావట్లేదు, పొద్దుటి గుండీయే కళ్లలో మెదులుతోంది.

ఆటిజం ఉన్న మా చిన్నోడు యూనిఫాం చొక్కా నాలుగో గుండీ మీద ఉన్నాడు. బొటనవేలితో కాజాలోకి తోస్తాడు, సగం దూరేసరికి రెండో చేతి పట్టు జారిపోతుంది, మళ్లీ మొదలు. బయట బస్సు హారన్. అత్తయ్య గబగబా వచ్చి, "ఎంతసేపురా నాన్నా" అంటూ మిగిలిన రెండూ పెట్టేశారు. వాడు గొడవ చేయలేదు. చేతులు కిందికి వదిలేసి నిలబడ్డాడు. రోజంతా ఆ చేతులే కనిపిస్తున్నాయి.

మొన్న పెళ్లిలోనూ ఇంతే. "పాపం, వాడికేం చేతనవుతుంది" అని ఎవరో ముద్దలు కలిపి నోట్లో పెట్టేశారు. వాడికి పప్పన్నం కలుపుకోవడం వచ్చు. 20 నిమిషాలు పడుతుంది, చొక్కా మీద పడుతుంది, అయినా వచ్చు! అందరూ "మాటలొచ్చాయా?" అనే అడుగుతారు, చేతుల గురించి ఒక్కరూ అడగరు. ఆటిజం అని తేల్చే లక్షణాల్లో మాట, కలివిడి, చేసిందే చేయడం ఉంటాయి గానీ గుండీలు, చెంచాలు ఉండవు, అందుకేనేమో. కానీ ఇలాంటి పిల్లల్లో చాలామందికి రెండు చేతులూ కలిపి చేసే పని కష్టం. బద్ధకం కాదు, మొండితనం కాదు. చేయాలని ఉంటుంది, వేళ్లు మాట వినవు.

ఇలాంటి పిల్లల కోసం జాతీయ సంస్థ ఉన్న సికింద్రాబాద్ మనోవికాస్ నగర్ చుట్టూ తిరిగే రోజుల్లో పరిచయమైన థెరపీ మేడమ్ ఒక కిటుకు చెప్పారు. గుండీలన్నీ మీరే పెట్టండి, చివరిది సగం దూర్చి, అవతలికి లాగడం మాత్రం వాడికి వదలండి, అని. అది వచ్చాక దూర్చడం, ఆ తర్వాత దాని పై గుండీ. అలా వెనక నుంచి ముందుకు. ఈయన పాత చొక్కా కుర్చీకి తొడిగి, కాజాలు బ్లేడుతో కాస్త వెడల్పు చేశాను. 5 వారాలు ఏమీ లేదు. ఒక సాయంత్రం కరెంటు పోయింది. నేను కొవ్వొత్తి వెతుక్కుని వచ్చేసరికి గుండీ కాజాలోంచి ఇవతలికి వచ్చి ఉంది. చీకట్లో, తడుముకుంటూ లాగాడు. నా వైపు చూడను కూడా లేదు, దాన్నే వేలితో రాస్తూ కూర్చున్నాడు. నేను ఆ కొవ్వొత్తి పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో.

ఇది రాస్తుంటే ఇంకొకటి తడుతోంది. ఆ వేళ్లకు బలం ఎలా వచ్చింది? రోజూ చపాతీ పిండి వాడి చేత పిసికించేది అత్తయ్యే. పల్లీలు ఒలిపించేది, ఆరేసిన బట్టలకు క్లిప్పులు పెట్టించేది ఆవిడే. గంట పట్టినా "కానియ్ నాన్నా" అంటారు. తొందరంతా పొద్దున బస్సు వేళకే. మరి సోమవారం వాడి బూట్లు తొడిగింది ఎవరు? నేనే. అది మర్చిపోయి ఇవాళ సాయంత్రం దాకా ఆవిడతో ముభావంగా ఉన్నాను.

అయినా ఆ చేతులు అలా వేలాడకూడదు. చివరి గుండీ ఒక్కటీ వాడికి వదిలేయండి అత్తయ్యా అని రేపు చెబుతాను, కోపం లేకుండా.

సాయంత్రం యూనిఫాం గుండీలు ఐదూ వాడే విప్పుకున్నాడు. విప్పడం ముందే వచ్చింది లెండి.

అలారం 15 నిమిషాలు ముందుకు జరిపాను.