పౌలు వెళ్ళిపోయాక లుస్త్రలో ఎవరుంటారు

“పౌలు ఊళ్ళోకొచ్చి చెప్పాల్సింది చెప్పేసి వెళ్ళిపోతాడమ్మా. నేను సోమవారం పొద్దున మళ్ళీ అదే బస్సెక్కాలి,” అంది మా పెద్దది. ఈస్టర్ కూడికకి అచ్చువేయించిన కార్డులు క్లాసులో నలుగురికి ఇవ్వమన్నందుకు వచ్చిన జవాబు ఇది. ఎనిమిదో తరగతి పిల్ల. విసుక్కోలేదు, వాదన పెట్టుకోలేదు. ఆ ముక్క అనేసి లంచ్ డబ్బా కడుక్కోడానికి వెళ్ళిపోయింది.

అక్కడితో ఊరుకోవచ్చుగా, ఊరుకోలేదు. మా తెలుగు సంఘం సండే స్కూల్లో అపొస్తలుల కార్యములు, అంటే పౌలు ఊరూరా తిరిగి యేసు గురించి చెప్పిన కథలున్న బైబిలు పుస్తకం, చెప్పే టీచరమ్మని నేనే మరి. గోడకి మధ్యధరా సముద్రం పటం అంటించి పౌలు మొదటి ప్రయాణానికి ఎర్ర ఊలు, రెండోదానికి నీలం, మూడోదానికి పచ్చ లాగాను. సిరియా అంతియొకయలో బయల్దేరి కుప్ర ద్వీపంలో సలమీ, పాఫు. అక్కణ్ణుంచి పడవెక్కి పెర్గే, ఆపైన కొండదారిన పిసిదియలోని అంతియొకయ, ఈకొనియ, లుస్త్ర, దెర్బే. ఊరికో గుండుసూది. ఊలు దాని చుట్టూ ఒక్క మెలిక తిరిగి ముందుకు పోతుంది. ఆ పటం చూస్తూ పెరిగిన పిల్ల అలా అనక ఇంకేమంటుంది?

“కొరింథులో ఏడాదిన్నర ఉన్నాడు. ఎఫెసులో మూడేళ్ళు,” అన్నాను వెనకాలే వంటింట్లోకి వెళ్ళి. “లుస్త్రలో అయితే రాళ్ళతో కొట్టి, చచ్చాడనుకుని ఊరి బయటికి ఈడ్చేశారు. లేచి మళ్ళీ ఆ ఊళ్ళోకే నడిచాడు.”

“మర్నాడు?”

“దెర్బేకి వెళ్ళాడు.”

“అదే నేను చెప్పేది.”

తర్వాత మళ్ళీ లుస్త్రకి తిరిగొచ్చాడే, శిష్యుల్ని ధైర్యపరచడానికి, అని నేను అందుకునేలోపు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టేసుకుంది.

ఇంతకీ నేనెవరికి చెప్పాను? ఆఫీసులో నా పక్క సీటాయనకి ఆదివారం నేనెక్కడికి వెళ్తానో ఇప్పటికీ తెలీదు. “వీకెండ్ ఏం చేశారు?” అంటే “ఫ్యామిలీ ఫ్రెండ్స్‌ని కలిశాం” అంటాను. అబద్ధమూ కాదు. మా సంఘంలో అందరూ ఒంగోలు, గుంటూరు, నెల్లూరు వాళ్ళే. అమెరికన్ చర్చి వాళ్ళ హాలు మధ్యాహ్నం పూట అద్దెకి తీసుకుని, తెలుగులో పాడుకుని, తెలుగులో ప్రార్థించుకుని, చికెన్ బిర్యానీ తిని ఇళ్ళకొచ్చేస్తాం. పౌలు మాత్రం, ఏ ఊరెళ్ళినా ముందు యూదుల సమాజమందిరం వెతుక్కున్నవాడే కదా, తనవాళ్ళ దగ్గరికే కదా వెళ్ళాడు, అని నాకు నేనే సర్దిచెప్పుకుంటాను. కాకపోతే ఆయన అక్కణ్ణుంచి ఏథెన్సు సంతవీధికి వెళ్ళాడు, అక్కడి సభాస్థలం అరేయొపగులో పండితుల ముందు నిలబడ్డాడు, ఎఫెసులో తురన్ను పాఠశాలలో రెండేళ్ళపాటు రోజూ మాట్లాడాడు. మేం బిర్యానీ దగ్గరే ఆగాం. నేను నోరు విప్పని చోట నా పిల్ల విప్పాలని కోరుకోవడంలో న్యాయం ఎంతుందో నాకు తెలియకపోలేదు. అయినా మర్నాడు పొద్దున కార్డులు దాని బ్యాగులో పెట్టాను. తీసి బల్ల మీద పెట్టేసి వెళ్ళింది.

ఆ వారమంతా నా మనసు లుస్త్ర చుట్టూనే తిరిగింది. నేటి టర్కీలో, కొన్యాకి దగ్గరలో ఉండేది ఆ ఊరు. ఆ కొన్యానే అప్పటి ఈకొనియ. లుస్త్ర ఔగుస్తు చక్రవర్తి ఏర్పాటు చేసిన రోమా వలసపట్టణం. పౌలు, అతనితో ప్రయాణిస్తున్న బర్నబా అక్కడ పుట్టుకుంటివాణ్ణి బాగుచేస్తే జనం పోగై లుకయోనియ భాషలో కేకలేశారు. వాళ్ళ దేవుళ్ళే దిగొచ్చారట: బర్నబా ద్యుపతి (గ్రీకుల జ్యూస్) అట, మాటకారి కాబట్టి పౌలు హెర్మే అట. గుడి పూజారి ఎడ్లనీ పూలదండల్నీ తోలుకొచ్చి బలి ఇవ్వబోయేదాకా వీళ్ళకి సంగతి అర్థమైనట్టు లేదు. బట్టలు చించుకుని మేమూ మీలాంటి మనుషులమేనయ్యా అని మొత్తుకున్నారు. అంతియొకయ నుంచీ ఈకొనియ నుంచీ యూదులు వచ్చి ఎగదోస్తే అదే ఊళ్ళో రాళ్ళు లేచాయి. ఈ కథ పిల్లలకి ఎంత బాగా చెబుతానో! పూలదండలకి చప్పట్లు, రాళ్ళకి నిశ్శబ్దం. త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే కిటికీలో కునుకు తీసి మూడో అంతస్తు నుంచి పడ్డ ఐతుకు కథ తర్వాత వాళ్ళకి ఇష్టమైంది ఇదే. (ఐతుకు కథ ఎందుకిష్టమో మా పాస్టరు గారి ప్రసంగం విన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.)

ఆ లుస్త్రలోనే ఒక ఇల్లుంది. పటం మీద దానికి గుండుసూది లేదు. యునీకే ఇల్లు. యూదురాలు, మొగుడు గ్రీకువాడు. ఆ ఊళ్ళో సమాజమందిరం ఉన్నట్టు ఈ పుస్తకం రాసిన లూకా ఎక్కడా రాయలేదు. కొడుకు తిమోతికి సున్నతి చేయించలేదు. మొగుడు వద్దన్నాడో, ఊళ్ళో నవ్వుతారనుకుందో, తనే ఊరుకుందో. కానీ పసితనం నుంచీ లేఖనాలు నేర్పింది. ఒక చెయ్యి వదిలేసి ఇంకో చేత్తో పట్టుకుంది. యూదుల పద్ధతిలో చూస్తే అరకొర పెంపకమే అది. మా సంఘంలో ఉంటే ఆవిడ గురించి వెనకాల ఏమనుకునేవాళ్ళమో నాకు బాగా తెలుసు, అనేవాళ్ళలో నేనే ముందుండేదాన్ని. పౌలుకి పెళ్ళాం పిల్లలూ లేరు. ప్రయాణం ఆయనది. సోమవారం పొద్దున కొడుకుని ఆ ఊరి వీధుల్లోకి పంపాల్సింది యునీకే.

తిమోతి పాఠం చెప్పేటప్పుడు నేనొక వచనం దాటేస్తాను, పదహారో అధ్యాయంలో మూడోది. తిమోతిని వెంట తీసుకెళ్ళే ముందు పౌలు అతనికి సున్నతి చేయించాడు, చుట్టుపక్కల యూదుల కోసం. చిన్నపిల్లల క్లాసు, ఎలా చెప్పను? మా పెద్దది సొంతంగా చదువుకుని వచ్చి అడిగింది. “ముందు అధ్యాయంలోనే కదమ్మా యెరూషలేములో పెద్దలంతా కూర్చుని అన్యజనులకి, అంటే యూదులు కానివాళ్ళకి, అది అక్కర్లేదని తేల్చారు? తనతో తిరిగే తీతుకి వద్దని పట్టుబట్టింది పౌలే కదా? మరి తిమోతికెందుకు?” తీతు పూర్తిగా గ్రీకువాడనీ, తిమోతి తల్లి యూదురాలు కాబట్టి లెక్క వేరనీ చెప్పాను. పుస్తకాల్లో ఉన్న జవాబే. దానికి నచ్చలేదు. నాకూ పూర్తిగా నచ్చలేదు. ఊరిని బట్టి, మనిషిని బట్టి పౌలు పట్టు బిగించడం, సడలించడం ఉంది. మా ఇంట్లో నేను చేసేదీ అదే, కాకపోతే నా విషయంలో దాన్ని మూడ్ అంటారు.

ప్రసాదం సంగతే చూడండి. మా పక్కింటివాళ్ళది విజయవాడ. బంగారం లాంటి మనుషులు, మా చిన్నాడికి జ్వరమొస్తే రసం చేసి పంపుతారు. వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతమైతే మమ్మల్ని భోజనానికి పిలుస్తారు. నా చిన్నప్పుడు ఒంగోలులో మా అమ్మ దగ్గర ఈ విషయంలో రెండో మాట లేదు. ప్రసాదం ముట్టేది లేదు. ఇక్కడ నేను ఒక ఏడు “తినొద్దు, నవ్వుతూ పక్కన పెట్టండి” అన్నాను. ఇంకో ఏడు ఆవిడ స్వయంగా గిన్నె చేతిలో పెట్టేసరికి నోరు పెగల్లేదు. పిల్లలు నా మొహం చూశారు. నేను గోడ చూశాను.

కొరింథువాళ్ళది సరిగ్గా ఈ తగువే. జూలియస్ సీజర్ క్రీ.పూ. 44లో మళ్ళీ కట్టించిన ఊరది, రెండు వైపులా రేవులు, ఎక్కడెక్కడి జనమో, అడుగడుగునా గుళ్ళు. బలి ఇచ్చిన మాంసం గుడి దగ్గర విందుల్లోనూ వడ్డించేవారు, అంగట్లోనూ అమ్మేవారు. పౌలు రాసింది ఏమిటంటే: కటికి అంగట్లో దొరికేది ఏమీ అడక్కుండా తినండి, అవిశ్వాసి భోజనానికి పిలిస్తే పెట్టింది తినండి, అయితే ఇది బలి అర్పించిందని ఎవరైనా చెబితే మాత్రం, చెప్పినవాడి మనస్సాక్షి కోసం మానేయండి. మా పిల్ల దీన్ని లాయరులా పట్టుకుంది. పోయిన వ్రతానికి రవ్వప్రసాదం చక్కగా తినేసి వచ్చి, “నేను అడగలేదు, ఆంటీ చెప్పలేదు,” అంది. పక్కన సత్యనారాయణ స్వామి పటం, దానికి దండ, కలశం. ఇంక చెప్పడానికేముంది? తిట్టాలా, వాక్యం అంత బాగా చదివినందుకు మెచ్చుకోవాలా తేలక “జీడిపప్పు ఎక్కువ తినకు, కడుపునొప్పి” అన్నాను.

మా ఆయన దగ్గర సలహాలన్నీ సూటిగా ఉంటాయి. “ఏదో ఒకటి నిర్ణయించుకుని దాని మీద ఉండు,” అంటారు. ఈ ముక్క కొత్తగా వచ్చిన తల్లులకి నేనూ చెబుతుంటాను. ఇంట్లో ప్రార్థన మానకండి, తెలుగులో ఒక వచనమైనా కంఠస్థం చేయించండి, అడిగిన ప్రశ్నకి జవాబు దాటేయకండి అని. మూడోది మాత్రం ఎలాగో అడక్కండి.

నాకు కాస్త ఊపిరాడేది అకుల, ప్రిస్కిల్ల దగ్గర. క్లౌదియ చక్రవర్తి యూదుల్ని రోమా వదిలి పొమ్మంటే కొరింథుకి వచ్చి పడ్డ దంపతులు. డేరాలు కుట్టే పని, పౌలుదీ అదే పని, అందుకే వాళ్ళింట్లో దిగాడు. తర్వాత ఎఫెసు. అటుపైన పౌలు రోమాకి ఉత్తరం రాసేనాటికి మళ్ళీ అక్కడే, ఇంట్లోనే సంఘం. ఉద్యోగం ఎటు తీసుకెళ్తే అటు సామాను సర్దుకున్న మాలాంటివాళ్ళకి ఇది తెలిసిన బతుకే. వాళ్ళు వీధిలో కార్డులు పంచినట్టు ఎక్కడా లేదు. అపొల్లో అనే గొప్ప వక్త కొంత తెలిసీ కొంత తెలియక మాట్లాడుతుంటే ఇంటికి పిలిచి వివరించారు. నేనూ పిలవగలను, వండిపెట్టగలను. వివరించే చోటికి వచ్చేసరికి “ఇంకాస్త పెరుగు వేసుకోండి” అంటాను.

తిమోతి కూడా ఏమంత ధైర్యస్థుడిలా కనపడడు. అతన్ని కొరింథుకి పంపుతూ పౌలు ముందుగా అక్కడివాళ్ళకి రాశాడు, తిమోతి వస్తే మీ దగ్గర భయం లేకుండా ఉండేలా చూసుకోండి, ఎవరూ తీసిపారేయకండి అని. ఈ వచనం నేను ఎన్నోసార్లు చదివాను, ఎప్పుడూ ఆగలేదు. పౌలంతటివాడు పక్కనుండి నేర్పినా, కొత్త ఊళ్ళో అడుగుపెట్టేటప్పుడు కుర్రాడికి భయమేసేదన్నమాట. అయితే మా పిల్లది భయమా, లేక దానికి చెప్పాలనే లేదా? ఈ రెండిట్లో ఏదో అడిగి తెలుసుకునే ధైర్యం ఇప్పటిదాకా నాకు రాలేదు.

మావైపు విశ్వాసం వచ్చింది కూడా చాలావరకు ఊళ్ళోనే ఉండిపోయేవాళ్ళ వల్లే. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2222 మందికి బాప్తిస్మాలు జరిగాయని ఒంగోలు బాప్టిస్టుల్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. అమెరికా నుంచి వచ్చిన మిషనరీ క్లవ్ దొరగారి పేరు అందరూ చెబుతారు. 1866లో బాప్తిస్మం తీసుకున్న మాదిగ భక్తుడు యెర్రగుంట్ల పేరయ్య పేరు తక్కువమంది తలుస్తారు. తన ఊరి చుట్టుపక్కల తనవాళ్ళకి చెప్పుకుంటూ తిరిగింది ఆయనే, చెప్పాక బతకాల్సిందీ ఆ ఊళ్ళ మధ్యే. మా ముత్తవ్వ తల్లి ఆ 2222 లెక్కలో ఉందని మా ఇంట్లో చెప్పుకుంటారు. కాగితం ఎవరి దగ్గరా లేదు.

తిమోతికి రాసిన రెండో ఉత్తరంలో అతని విశ్వాసం మొదట అవ్వ లోయిలోనూ, తర్వాత తల్లి యునీకేలోనూ ఉందని ఉంది. అవ్వ ముందు, అమ్మ తర్వాత. మా ఇంట్లోనూ ఇదే వరస. ఆదివారం రాత్రి ఇక్కడ పిల్లలు పడుకోబోయే వేళకి ఒంగోలులో మా అమ్మకి తెల్లవారి ఉంటుంది. వీడియో కాల్లో ఇద్దరి చేతా కంఠత వాక్యం అప్పజెప్పించుకుంటుంది. పెద్దది ఎక్కడా తడుముకోదు, చిన్నాడు ఆగితే కెమెరాకి కనపడకుండా నేను అందిస్తాను, అదీ ఫోన్లో చూసి. అమ్మకి మొన్న కంటికి ఆపరేషన్ అయింది, రెండు వారాలు కాల్ లేదు. ఆ రెండు ఆదివారాలూ వాక్యం అడిగినవాళ్ళు లేరు. నాకు గుర్తు రాలేదు, పిల్లలు గుర్తు చేయలేదు. రేపు ఆవిడ లేని నాడు అడగాల్సింది నేను. నాకు చూడకుండా వచ్చింది ఇరవై మూడో కీర్తన ఒక్కటే, అందులోనూ నూనెతో తల అంటడం ముందా, గిన్నె నిండి పొర్లడం ముందా అని ప్రతిసారీ తడబడతాను.