పచ్చదనం తప్పిన మనీ ప్లాంటు

నా గదిలో కిటికీ పక్కన ఒక చిన్న నీటిరంగుల చిత్రం వేలాడుతూ ఉంటుంది. గాజు సీసాలో నీళ్లు పోసి పెట్టిన మనీ ప్లాంటు తీగ, నీళ్లలో కనిపించే దాని వేళ్లు, వెనక ఒక చాప అంచు, అందులో ఉన్నది ఇంతే. చూసినవాళ్లు అందులోని మట్టి రంగులను మెచ్చుకుంటారు. ఒక ప్రదర్శనలో ఒక పెద్దాయన, అంత చిన్న వయసులో రంగుల విషయంలో ఇంత సంయమనం ఎలా అబ్బిందని అడిగారు. అది సంయమనం కాదని, ఆ రోజుల్లో నా కంటికి ఆకుపచ్చ అలాగే కనిపించేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

2018 జనవరిలో, హైదరాబాదు మాసాబ్‌ట్యాంక్‌లో ఫైన్ ఆర్ట్స్ మూడో సంవత్సరం చదువుతుండగా నాకు క్షయ సోకిందని తేలింది. నెల రోజులుగా వదలని దగ్గును, సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడడాన్ని, రాత్రి చెమటకు దిండు తడవడాన్ని హాస్టల్ తిండి మీదికి నెట్టేస్తూ వచ్చాను. కళ్ళె పరీక్షలో సంగతి బయటపడేనాటికి బరువు 46 కిలోలకు పడిపోయింది. తెనాలిలో అమ్మ దగ్గరికి వచ్చేశాను. మందుల కోర్సు మొత్తం ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపి చేసిన మాత్రలు రోజుకు మూడు, ఆ తర్వాత పిరాజినమైడ్ తీసేసి మిగిలిన మూడు మందులు నాలుగు నెలలు. ఇరుగుపొరుగుకు అమ్మ టైఫాయిడ్ అని చెప్పింది. పెళ్లి కావలసిన పిల్లకు క్షయ అంటే ఊరు ఏమంటుందోనని ఆమె భయం. ఆ అబద్ధానికి నేను కూడా తలూపాను, ఇప్పటికీ అందుకు సిగ్గుపడతాను.

దగ్గు తగ్గి, ఒంట్లో కాస్త ఓపిక వచ్చాక బొమ్మలు వేయాలనిపించింది. బొమ్మకు ఎదురుగా పండ్లు పెట్టుకుంటే రెండు రోజులకు వాడిపోతాయి, నాకేమో పూటకు అరగంట కంటే ఎక్కువ కూర్చునే శక్తి లేదు. మనీ ప్లాంటయితే నెల రోజులైనా అలాగే ఉంటుంది. ఏప్రిల్‌లో మొదలుపెట్టిన ఆ బొమ్మలో మొదటి రెండు ఆకులు బాగానే కుదిరాయి. మూడో ఆకు దగ్గర పచ్చ ఎంత కలిపినా బూడిద పాలే. ఆకు మీది పసుపు చారలు, పచ్చ భాగమూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి కనిపిస్తున్నాయి. ట్యూబులో రంగు పాతబడిందనుకున్నాను. క్షయ రోగుల పోషణకు ఆ నెల నుంచే కేంద్రం నెలకు 500 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది. గుడ్లకు వాడవలసిన ఆ డబ్బులోంచి కొత్త పచ్చరంగు ట్యూబులు తెప్పించుకున్నాను. అవీ అలాగే ఉన్నాయి.

మే నెలలో ఒక మధ్యాహ్నం అమ్మను అడిగాను: "అమ్మా, ఈ చాప ఎండకు వెలిసిపోయిందా?"

"వెలవడమేంటే, మొన్న కొన్న చాప. కుంకుమలాగా ఉంటేను!"

నా బొమ్మలో అది ఇటుకపొడి రంగులో ఉంది.

మాత్రల కోసం వెళ్లిన ప్రతిసారీ చూపు మసకగా ఉందా అని అడిగేవారు, లేదనేదాన్ని. అది నిజమే, అక్షరాలు నాకు స్పష్టంగానే కనిపించేవి. రంగుల సంగతి ఎవరూ అడగలేదు, నాకూ చెప్పాలని తోచలేదు. మూత్రం నారింజ రంగులో వస్తుందని, అది మాత్రల్లోని రిఫాంపిసిన్ అనే మందు వల్లేనని, భయపడవద్దని మాత్రం మొదటి రోజే చెప్పారు. ఆ చాప మాట తర్వాత కంటి డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన రంగుల తేడా తెలుస్తోందో లేదో చూసే, చుక్కలతో నిండిన ఇషిహారా పటాలు ముందు పెట్టారు. మొదటి పటంలోని 12 చదివాను, అది రంగుల తేడా తెలియనివారికి కూడా కనిపించేదేనట. ఆ తర్వాత వచ్చిన పటాల్లో చాలావరకు నాకు వట్టి చుక్కలే. ఇథాంబుటాల్ అనే మందు కొందరిలో కంటి నరాన్ని దెబ్బతీస్తుందని, చాలాసార్లు ముందుగా ఎరుపు, ఆకుపచ్చల తేడా చెరిగిపోతుందని, వెంటనే ఆపితే చాలామందికి చూపు తిరిగి వస్తుందని, అందరికీ వస్తుందని మాత్రం చెప్పలేనని ఆయన అన్నారు. క్షయ డాక్టరు ఆ ఒక్క మందూ ఆపి, మిగిలినవి కొనసాగించారు. రంగులు లేకుండా ఏం చేసి బతకాలా అని నేను గోడవైపు తిరిగి పడుకున్న ఆ వారం గురించి ఇంతకంటే రాయలేను.

జూన్ చివర్లో అమ్మ వసారాలో కూర్చుని గోంగూర ఒలుస్తోంది. తెల్ల గోంగూర కట్టలో ఎర్ర గోంగూర కాడలు రెండు మూడు కలిసిపోయి ఉన్నాయి. వాటిని నేను వేరు చేసి పక్కన పెట్టాను. అమ్మ నా చేతివైపు చూసి, ఒలవడం ఆపేసి, ఇంకో కట్ట విప్పి నా ముందు పోసింది.

జులైలో మందులు పూర్తయ్యాయి. ఆగస్టులో ఆ బొమ్మను సరిచేద్దామని కూర్చుని, మూడో ఆకు మీద అసలు పచ్చ వేశాను. మిగతా బొమ్మ మధ్య అది ప్లాస్టిక్ ఆకులా నిలబడింది. తడిగుడ్డతో తుడిచేద్దామని రుద్దితే రంగు సగమే వదిలింది, అక్కడ కాగితం నూగు లేచిపోయింది. దగ్గరికి వెళ్లి చూస్తే ఆ నూగు ఇప్పటికీ కనిపిస్తుంది.