నెట్ లైఫ్ సైన్సెస్: అందరూ పేజీ తిప్పేసే ఎటిపికల్ కీమోకైన్ రిసెప్టర్లు నేనెలా చదివానంటే

ఫ్రెండ్స్, సీఎస్ఐఆర్ నెట్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్ళలో చాలామంది ఇమ్యునాలజీలో కీమోకైన్స్ (కణాల్ని తమ వైపు పిలిచే చిన్న ప్రోటీన్లు) రాగానే పేజీ తిప్పేస్తారు, ఎచ్చెర్లలో మా హాస్టల్ బ్యాచ్ అంతా అదే పని. సీసీఎల్ అంట, సీఎక్స్‌సీఎల్ అంట, ఆ నంబర్లు చూస్తే ఎవరికైనా నిద్దరొచ్చేస్తాది. అందులో ఎటిపికల్ రిసెప్టర్లంటే మరీను. కానీ పార్ట్ సి కోసం నాకు బాగా కలిసొచ్చిన టాపిక్ ఇదే, ఎందుకంటే జీపీసీఆర్ (జీ ప్రోటీన్‌తో పనిచేసే రిసెప్టర్), నాకౌట్ ఎలుక (ఒక జీన్ తీసేసిన ఎలుక), ప్రమోటర్ (జీన్‌ని ఆన్ చేసే భాగం) మ్యుటేషన్, మలేరియా అన్నీ ఒకే చోట దొరుకుతాయి.

మామూలు కీమోకైన్ రిసెప్టర్ అయితే జీ ప్రోటీన్ కదిలి, లోపల కాల్షియం పెరిగి, కణం కీమోకైన్ ఎక్కువున్న వైపు నడుస్తాది. ఎటిపికల్ వాటిలో డీఆర్‌వైఎల్ఏఐవీ మోటిఫ్ (మామూలు రిసెప్టర్లలో ఉండే అమైనో ఆమ్లాల వరస) ఎక్కడో అక్కడ మారిపోయి ఉంటుంది, అవి కణాన్ని నడిపించవు, కీమోకైన్‌ని పట్టుకుని లోపలికి లాక్కుని లైసోజోమ్‌లో అరగదీస్తాయి లేదా ఈ పక్క నుంచి ఆ పక్కకి మోస్తాయి. ఆ మోటిఫ్ మార్పు ఒక్కటే మొత్తం కారణం అనే ఆప్షన్ కనబడితే మాత్రం అనుమానించండి.

అరగదీస్తే ఏటి లాభం అని మా రూమ్మేట్ అడిగింది. సాయంత్రం ఏడు రోడ్ల జంక్షన్‌లో బజ్జీల బండి ఒక్కటే ఉంటే వాసన పట్టుకుని కళ్ళు మూసుకునైనా వెళ్ళిపోతాం, అదే ఊరంతా ఒకేలా వాసనొస్తే ఎటు వెళ్ళాలో తెలీదు కదా. కీమోకైన్ ఉండటం కాదు, ఒకవైపు ఎక్కువ ఒకవైపు తక్కువ ఉండాలి. ఏసీకేఆర్ అంటే ఎటిపికల్ కీమోకైన్ రిసెప్టరే. ఏసీకేఆర్4 లింఫ్ నోడ్‌లో సబ్‌క్యాప్సులర్ సైనస్ (పైతొడుగు కిందే ఉండే ఖాళీ) పైకప్పు కణాల మీద కూర్చుని సీసీఎల్19, సీసీఎల్21 అనే కీమోకైన్లని తినేస్తాది, అందుకే డెండ్రిటిక్ కణాలనే ఇమ్యూన్ కణాలకి లోపలికి దారి తెలుస్తాది, అది లేని ఎలుకల్లో అవి సైనస్‌లోనే ఆగిపోతాయి. జీబ్రాఫిష్ పిండంలో ఏసీకేఆర్3 కూడా సీఎక్స్‌సీఎల్12తో ఇదే పని చేస్తాది. ఈ ఏసీకేఆర్3 పాత పేరు సీఎక్స్‌సీఆర్7, ఇది లేని ఎలుక పిల్లలు గుండె వాల్వుల లోపాలతో పుట్టిన కొద్దిసేపటికే ఎక్కువగా చనిపోతాయి.

ఇక ఏసీకేఆర్1. దీని మీద టైమ్ పెట్టండి, మిగతావి కాస్త తగ్గినా పర్లేదు. ఇది మనకి బ్లడ్ గ్రూపుల్లో తెలిసిన డఫీ యాంటిజెనే, ఇంటర్‌ల్యూకిన్-8 లాంటి కీమోకైన్లకి రిసెప్టర్ కూడా ఇదేనని 1993లో తేలింది. ప్లాస్మోడియం వైవాక్స్ ఎర్రకణంలోకి దూరేది దీన్ని పట్టుకునే. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ వైపు మలేరియా గురించి విన్నవాళ్ళకి ఇది పుస్తకం విషయంలా అనిపించదు, మన దేశంలో డఫీ నెగెటివ్ మనుషులు బాగా అరుదు. పశ్చిమ ఆఫ్రికాలో అయితే ఎక్కువమంది డఫీ నెగెటివే, వాళ్ళకి జీన్ ప్రమోటర్‌లో గాటా-1 కూర్చునే చోట ఒక్క అక్షరం మారింది. అసలు మెలిక ఇక్కడే ఉంది, గాటా-1 ఎర్రకణాల వంశానికి కావాల్సిన ఫ్యాక్టర్ కాబట్టి ఎర్రకణం మీద డఫీ పోతాది గానీ చిన్న సిరల గోడల మీద అలాగే ఉంటాది. వీళ్ళకి న్యూట్రోఫిల్ (ఒక రకం తెల్లకణం) కౌంట్ తక్కువ కనబడతాది, అది జబ్బు కాదు, కౌంట్ చూసి కంగారుపడే డాక్టర్లు ఉంటారనుకోండి అది వేరే కథ. డఫీ లేకపోతే వైవాక్స్ అస్సలు రాదు అనే ఆప్షన్ కూడా పెట్టకండి, మడగాస్కర్‌లో డఫీ నెగెటివ్ వాళ్ళకీ వచ్చినట్టు 2010లో రిపోర్ట్ అయ్యింది.

ఏసీకేఆర్2, అంటే పాత డీ6, లింఫాటిక్ గోడల మీదా మావి మీదా ఉండి ఇన్‌ఫ్లమేషన్‌లో వచ్చే సీసీ కీమోకైన్లని ఊడ్చేస్తాది. ఇది లేని ఎలుక చర్మానికి టీపీఏ అనే వాపు తెప్పించే రసాయనం రాస్తే సోరియాసిస్‌లాంటి వాపు వచ్చి తగ్గదు. అయితే ఇది ఎప్పుడూ మంచిదే అనుకోకండి, ఇది లేని ఎలుకల్లో క్యాన్సర్ వేరే చోటికి పాకడం తగ్గినట్టు కూడా చూశారు, అక్కడ న్యూట్రోఫిల్స్ కాపాడాయి.

పరీక్ష సంగతి చెప్పాలంటే పార్ట్ సిలో 75 ఇస్తారు, 25 రాస్తే చాలు, ఒక్కోటి 4 మార్కులు, తప్పైతే 1 పోతాది. ఏరుకోవడానికి చోటుంది కాబట్టి సిలబస్ అంతా పైపైన గీకే బదులు ఇలాంటివి కొన్ని లోతుగా దిగడం నయం, ఇది నా అభిప్రాయమే, మా సీనియర్ అక్క ఒప్పుకోదు. పాత పేర్లూ కొత్త పేర్లూ మాత్రం పక్కపక్కన రాసుకోండి, పాత మెటీరియల్‌లో ఏసీకేఆర్1ని డార్క్ అని, ఏసీకేఆర్2ని డీ6 అనే ఉంటాది. నేను ఆమదాలవలస నుంచి వైజాగ్ ట్రైన్‌లో ఆ కాగితం ఒక్కటే తిరగేసేదాన్ని.

ఒక ప్రశ్న ఇస్తాను, మీరే చెయ్యండి. ఏసీకేఆర్1 లేని ఎలుకకి రేడియేషన్ ఇచ్చి, మామూలు ఎలుక బోన్ మ్యారో ఎక్కించారు, కొత్త రక్తం పట్టాక ఏది తిరిగొస్తాది ఏది రాదు? ఎర్రకణాలు మ్యారో నుంచి వస్తాయి కాబట్టి రక్తంలో కీమోకైన్‌ని పట్టి ఉంచే పని తిరిగొస్తాది, రక్తనాళం గోడ మాత్రం పాత ఎలుకదే, కాబట్టి కణజాలం నుంచి కీమోకైన్‌ని గోడ దాటించి తెల్లకణాలకి చూపించే పని రాదు. ఇప్పుడు దీన్నే తిరగేసి, మామూలు ఎలుకకి నాకౌట్ మ్యారో ఎక్కిస్తే ఏమవుతాదో రాసి, అది పైన చెప్పిన ఆఫ్రికా వాళ్ళ పరిస్థితికి ఎంత దగ్గరో చూసుకోండి.