29 ప్రశ్నలు, ఒక గేదె

2011 జనగణనప్పుడు నేను తెనాలి దగ్గర ఒక పల్లెలో ఎలిమెంటరీ స్కూల్ టీచర్ని. ఎన్యూమరేటర్ డ్యూటీ వేశారు. ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా ఇంటింటికీ తిరగాలి. నా బ్లాకులో 130 చిల్లర ఇళ్లు. ఫారంలో 29 ప్రశ్నలు. ఫారం మడతపెట్టకూడదు, గడిలో రాసే అంకె గీతకి తగలకూడదు, లేకపోతే మిషను చదవలేదని ట్రైనింగ్‌లో పదే పదే చెప్పారు. నా టెన్షనంతా ఆ గళ్ల గురించే. తీరా వెళ్తే మొదటి గడి దగ్గరే ఇరుక్కుపోయాను. పేరు.

ఇంట్లో ఒక మామ్మే ఉంది. "ఇంటి పెద్ద పేరు చెప్పు మామ్మా" అంటే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మొగుడి పేరు నోటితో అనదుగా! గోడమీద క్యాలెండర్లో ఉన్న తిరపతి సామిని చూపించి "ఆయన పేరే రాసుకో టీచరమ్మా" అంది. వెంకటేశ్వర్లా? అడ్డంగా తలూపింది. శ్రీనివాసరావా? కాదు. బాలాజీ, గోవిందు, వెంకట్రావు అన్నీ అయిపోయాయి. ఈలోగా ఆడుకుని వచ్చిన మనవడు, మూడో క్లాసు, నా స్టూడెంటే, "మా తాత పేరు ఏడుకొండలండీ" అని కేకేశాడు. మామ్మ పకపకా నవ్వింది.

మరి ఆవిడ పేరు? "నాదెందుకులేమ్మా, పెదబాబు వాళ్లమ్మ అని రాసెయ్." అలా రాయడానికి లేదు. 1951-52లో మన మొదటి ఎన్నికలప్పుడు ఉత్తరాదిన చాలామంది ఆడవాళ్లు ఫలానావాడి భార్య, ఫలానావాడి తల్లి అనే తప్ప సొంత పేరు చెప్పలేదు. అప్పటి ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ అలాంటివి ఒప్పుకోలేదు. దాంతో ఇంచుమించు 28 లక్షల మంది పేర్లు ఓటర్ల జాబితాలోంచి పోయాయి. ఆయన చేసింది కఠినమే గానీ, ఆ రోజు అరుగు మీద కూర్చున్నాక నాకు ఆయన బాధ అర్థమైంది. మామ్మ గొంతు సవరించుకుని మూడక్షరాల పేరు చెప్పింది. ఆ పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదేమో.

పేరు తర్వాత పని. "మా ఆవిడకి పనేముందండీ, ఇంట్లోనే ఉంటది" అన్నాడు ఇంకో ఇంట్లో ఆయన. ఆవిడ అప్పుడే కేంద్రంలో పాలు పోసి ఖాళీ క్యానుతో వస్తోంది. ఇలాంటి చోట గుచ్చి గుచ్చి అడగాలని మాకు ముందే చెప్పారు. పాలు అమ్మితే అది పనే. ఆరు నెలలు, అంతకు మించి చేస్తే ముఖ్య పనివాళ్లు, తగ్గితే ఉపాంత పనివాళ్లు. "ఏడాదిలో ఎన్ని నెలలు చేస్తావక్కా?" అంటే ఆలోచనలో పడింది. "గేదె వట్టిపోయిన నెలలు తీసెయ్యాలా?" అని అడిగి, మళ్లీ తనే, "తీసినా గడ్డి కొయ్యక తప్పదుగా" అంది. ఆయన నా వైపు చూడకుండా బీడీ ముట్టించాడు. ముఖ్య పనివాళ్లలో రాశాను.

పెళ్లయిన ప్రతి ఆడమనిషినీ ఎంతమందిని కన్నావు, ఇప్పుడు ఎంతమంది ఉన్నారు అని అడగాలి, ఆడ మగ విడివిడిగా. ఒక ఇంట్లో అత్తగారే "ఇద్దరండీ, ఇద్దరూ మగపిల్లలే" అంది. వెనక గుమ్మంలో నిలబడ్డ కోడలు మూడు వేళ్లు చూపించింది. మంచినీళ్లు కావాలని వంకపెట్టి వంటింట్లోకి వెళ్లాను. "పాప," అంది. గ్లాసు నా చేతిలో పెట్టి ఇంకేం మాట్లాడలేదు. బయటికొచ్చి పుట్టినవాళ్లు మూడు, ఉన్నవాళ్లు రెండు అని నింపాను. ఆ గడిలో మాత్రం అంకె గీతకి తగిలింది.

28 రాత్రి ఇల్లూ వాకిలీ లేనివాళ్ల లెక్క. మార్చి 1 నుంచి 5 దాకా మళ్లీ ఒక చుట్టు తిరిగి, ఈలోగా ఎవరైనా పుట్టారా, పోయారా అని సరిచూడాలి. పాలావిడ ఇంటిముందు ఆగాను.

"ఆ రోజు నా పని రాశావుగా టీచరమ్మా, దానికేమన్నా డబ్బులొస్తాయా?"

"రావక్కా."

"మరెందుకు రాసినట్టు?" అని, జవాబు కోసం చూడకుండా లోపలికెళ్లి మజ్జిగ తెచ్చింది.