శంఖంలో పోస్తేనే తీర్థం, లైసెన్సుంటేనే శంఖం

డాలస్ పక్కన మా గరాజ్‌లోంచి పూజా సామాన్లు ఆన్‌లైన్‌లో అమ్ముతుంటానని మీలో చాలామందికి తెలుసు కదా. కుందులు, వత్తులు, హారతి పళ్ళేలు, వీటితో ఎప్పుడూ ఏ గొడవా రాలేదు. పోయినేడాది కార్తీకమాసం ముందు నలుగురైదుగురు శంఖాలు అడిగారని చెన్నైలో ఒకాయన దగ్గర 40 శంఖాలు, రెండు కిలోల గవ్వలు తెప్పించా, అవి డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్ట్‌లో దిగిన మర్నాడే ఫోన్, మీకు వైల్డ్‌లైఫ్ ఇంపోర్ట్ లైసెన్స్ ఉందా అని. నేను నవ్వేశా. వైల్డ్‌లైఫ్ ఏంటండీ, శంఖాలండీ, దేవుడి దగ్గర పెట్టుకునేవి అన్నా.

తర్వాత చదివితే తెలిసింది, ఇక్కడి చట్టంలో వైల్డ్‌లైఫ్ అంటే పులులూ ఏనుగులే కాదట, వెన్నెముక లేని జీవులు కూడా, బతికున్నా చచ్చినా, వాటి గుల్లతో చేసిన చెవిపోగైనా సరే. శంఖం అంటే నత్తగుల్లే కదా మరి. తమాషా ఏంటంటే మన భీమవరం వైపు నుంచి కంటైనర్లకి కంటైనర్లు వచ్చే రొయ్యలకి ఈ లైసెన్స్ అక్కర్లేదు, మనుషులు తినడానికి వచ్చే మామూలు రొయ్యలు, చేపలకి మినహాయింపు ఉంది. తింటే పర్లేదు, పూజ చేస్తేనే లైసెన్స్ అని మా ఆయన ఒకటే నవ్వు. ఇంట్లో పెట్టుకోడానికి తెచ్చుకునేవాళ్ళకి ఈ లైసెన్స్ గోల లేదు, అమ్మడానికి తెస్తేనే. కస్టమ్స్ బ్రోకర్‌కి ఇవన్నీ తెలిసుండాలి, ఒక్క మాట చెప్పలేదు, నేనూ అడగలేదు లెండి. చివరికి ఆ రెండు పెట్టెలూ వదులుకుంటున్నా అని సంతకం పెట్టి వచ్చేశా.

అప్పుడు కూర్చున్నా అప్లికేషన్‌కి. ఇది యూఎస్ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ (వన్యప్రాణుల వ్యవహారాలు చూసే ఇక్కడి ప్రభుత్వ శాఖ) వాళ్ళది, ఫారం పేరు 3-200-3ఎ, ఫీజు 100 డాలర్లు, లైసెన్స్ ఒక్క ఏడాదికే. వ్యాపారం పేరు, ట్యాక్స్ నంబరు, సరుకు ఎక్కడ పెడతారు, రికార్డులు ఎక్కడ ఉంచుతారు (అయిదేళ్ళు దాచాలి), ఏ జీవులకి సంబంధించినవి తెస్తారు, ఇంతే, భయపడ్డంత లేదు. కానీ లైసెన్స్ వచ్చేసింది కదా అని ఏది పడితే అది తెచ్చెయ్యడానికి లేదు, సైటీస్ (అంతరించిపోయే ప్రమాదం ఉన్న జీవుల వ్యాపారం మీద దేశాల ఒప్పందం) జాబితాలో ఉన్నదైతే దాని పర్మిట్ వేరే, మళ్ళీ ఇండియా వైపు రూల్స్ వేరే. కృష్ణాష్టమికి నెమలి పింఛాలు తెప్పించండి అని మెసేజ్ పెట్టేవాళ్ళకి ఇదే నా జవాబు, ఇండియా నుంచి వాటి ఎక్స్‌పోర్టే నిషేధం, నన్ను అడగొద్దు.

అసలు కథ లైసెన్స్ వచ్చాక మొదలైంది. సరుకు వచ్చిన ప్రతిసారీ 3-177 అనే డిక్లరేషన్ ఇవ్వాలి, ఇన్‌స్పెక్షన్‌కి ఒక్కో షిప్‌మెంట్‌కి నేను కట్టింది 93 డాలర్లు. ఆ డిక్లరేషన్‌లో ఒక్కో వస్తువుకీ శాస్త్రీయ నామం రాయాలి, ఏ దేశపు నీళ్ళలోంచి తీశారో రాయాలి. శంఖం అని రాస్తే కుదరదు. చెన్నై ఆయన్ని అడిగితే "శంఖానికి పేరేంటి మేడమ్, శంఖమే" అన్నాడు. వెతికి పట్టుకున్నా, మామూలు పూజా శంఖం టర్బినెల్లా పైరమ్, తూత్తుకుడి, రామేశ్వరం వైపు సముద్రంలో దొరుకుతుంది. గవ్వ మోనెటేరియా మోనెటా, ఒకప్పుడు డబ్బుగా వాడినదే కాబట్టి పేరు కూడా అలాగే ఉంది.

చిక్కంతా దక్షిణావర్త శంఖం, అంటే మామూలు శంఖానికి ఎదురువైపు తిరిగి ఉండేది, దాని దగ్గర వచ్చింది. చాలా అరుదు, లక్ష్మీదేవి స్వరూపం అని ఆయన దగ్గరే పోయినసారి ఇండియా వెళ్ళినప్పుడు గట్టి రేటుకి రెండు కొన్నా, ఈసారి అవి కూడా తెప్పిద్దామని పేరు కోసం ఫొటో తీసి, గుల్లలు పోగుచేసే ఇక్కడి పెద్దాయన ఒకాయనకి పంపా. ఆయన వెంటనే, ఇది మా లైట్నింగ్ వెల్క్ (ఇక్కడి సముద్రపు నత్త) కదా, ఎక్కడ దొరికింది, టెక్సాస్ తీరంలో గాల్వస్టన్‌లోనా అని అడిగాడు. 1987 నుంచి టెక్సాస్ రాష్ట్ర గుల్ల అదేనట! అసలు శంఖం లోపల నడిమి స్తంభం మీద మూడు నాలుగు మడతలు గట్టుల్లా ఉంటాయి, ఈ వెల్క్‌కి నున్నగా ఉంటుంది, ఇది పుట్టడమే అటువైపు తిరిగి పుడుతుంది కాబట్టి అరుదూ కాదు ఏమీ కాదు. వేలు పెట్టి చూశా. నున్నగా ఉంది.

అంటే అమెరికా తీరంలో దొరికే నత్తగుల్ల, సముద్రాలు దాటి చెన్నై చేరి, బొట్టు పెట్టించుకుని, నా సూట్‌కేసులో మళ్ళీ టెక్సాస్ వచ్చింది. దాన్నే ఇప్పుడు ఇండియా సముద్రంలో తీసింది అని డిక్లరేషన్‌లో రాస్తే అబద్ధం చెప్పినట్టే, ఇరుక్కునేదాన్ని. చెన్నై ఆయనకి ఫోన్ చేసి చెప్తే కొంచెంసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అందరూ ఇదే అమ్ముతారు మేడమ్" అన్నాడు. దక్షిణావర్తాలు ఆర్డర్‌లోంచి తీసేసి మామూలు శంఖాలే తెప్పించా, పెట్టెల మీద పంపేవాళ్ళ అడ్రసు, నా అడ్రసు, లోపల ఏ జాతివి ఎన్ని ఉన్నాయో అన్నీ రాయించి, ఈసారి సాఫీగా బయటికి వచ్చాయి.

కొన్న ఆ రెండు దక్షిణావర్తాల్లో రెండోది మాత్రం రాజమండ్రిలో మా అత్తయ్యగారి పూజగదిలో ఉంది. రోజూ దాంతోనే స్వామికి అభిషేకం, వచ్చినవాళ్ళందరికీ మా కోడలు తెచ్చిందని చూపిస్తారు. మొన్న వీడియో కాల్‌లో ఇది వచ్చాక ఇంట్లో బావుందమ్మా అన్నారు, అవునండీ అన్నా.