ఉస్తెద్ అంటే మీరు

తప్పు మాదే. పెరూ రాజధాని లీమా సముద్రం ఒడ్డున ఉంటుంది, అక్కడ విమానం ఎక్కితే గంటన్నర లోపే 3,400 మీటర్ల ఎత్తున కూస్కోలో దించేస్తారు. ముందు కాస్త కిందున్న ఉరుబాంబా వైపు వెళ్లి రెండు రాత్రులు పడుకుని, అప్పుడు పైకి రమ్మని తెలిసినవాళ్లు చెప్తూనే ఉన్నారు. అసలు మేం చూడ్డానికి వచ్చిన మాచు పిచ్చు కూడా 2,430 మీటర్లే. హోటల్ బుక్ చేసేశాం కదా అని వినలేదు. ఎత్తు పడకపోకుండా ముందురోజే మొదలుపెట్టాల్సిన డయామాక్స్ మాత్ర బ్యాగులోనే ఉండిపోయింది.

సాయంత్రానికి తల పగిలిపోతోంది, నీళ్లు తాగినా వాంతి. ఇలా ఎత్తు పడకపోవడాన్ని అక్కడివాళ్లు సొరోచే అంటారు. గాలిలో ఆక్సిజన్ శాతం అంతే ఉంటుందట, గాలి ఒత్తిడే మూడింట రెండు వంతులకి పడిపోతుందట. ఇదంతా మా ఆయన చదివి వినిపిస్తుంటే ఆ ఫోన్ లాక్కుని విసిరేయాలనిపించింది. ఒక్కటి మాత్రం పనికొచ్చింది: ఊరికే కూర్చున్నా ఆయాసం వచ్చినా, నడక తూలినా, మాట తికమకపడినా వెంటనే కిందికి దిగిపోవాలి. అందుకని గంటకోసారి నన్ను లేపి నేల మీద పలకల గీత వెంబడి నడిపించారు.

హోటల్ నడిపే పెద్దావిడకి ఇంగ్లీష్ రాదు, మాకు స్పానిష్ రాదు. బళ్లో మూడేళ్లుగా నేర్చుకుంటున్న మా పద్నాలుగేళ్ల అమ్మాయే దిక్కు. ఆవిడ పూటకోసారి కోకా ఆకుల టీ పట్టుకొచ్చేది. (బాగుంది కదా అని ఆ టీ పొట్లాలు అమెరికాకి తెచ్చుకోకండి, నేరం. తాగాక మూత్రపరీక్ష చేస్తే కొకైన్ అని తేలొచ్చు కూడా.) గుమ్మం దగ్గర వాళ్లిద్దరూ మాట్లాడుకుంటుంటే కళ్లు మూసుకుని వింటూ పడుకునేదాన్ని. మా అమ్మాయి మాటిమాటికీ ఉస్తెద్, ఉస్తెద్ అంటోంది.

"అదేంటే?"

"ఫ్రెండ్స్‌ని తూ అంటాం, పెద్దవాళ్లని ఉస్తెద్ అనాలి. వెర్బ్ కూడా మారిపోతుంది."

"మన 'మీరు' లాగా."

అది నోరు తెరిచి నన్నే చూసింది. "మీరు అంటే ఇదా? ప్లూరల్ అనుకున్నా! నాయనమ్మ ఒక్కతే కదా మరి!"

తలనొప్పిలో కూడా నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. అత్తగారి ముందు ఎన్నిసార్లు కసిరానో, "అలా అనకూడదు, తప్పు" అని. ఎందుకు తప్పో ఒక్కసారీ కూర్చోబెట్టి చెప్పలేదు. స్పానిష్ టీచరేమో మొదటి నెలలోనే బోర్డు మీద పట్టిక గీసి చూపించిందట.

ఆవిడ మా అమ్మాయిని "మమీతా" అని పిలిచేది. "నన్ను పట్టుకుని అమ్మా అంటుందేంటి?" అని అడిగింది మా అమ్మాయి. "అమ్మమ్మ నిన్ను తల్లీ అంటుందిగా, అదే" అన్నాను. ఇది మాత్రం ఇట్టే అర్థమైంది.

మూడో రోజు పొద్దున లేచేసరికి తల తేలికైంది, సూప్ కడుపులో నిలిచింది. మా అమ్మకి వీడియో కాల్ చేశాం. అమ్మాయి ఫోన్ లాక్కుని, గొంతు సవరించుకుని మరీ, "అమ్మమ్మా, మీరు ఎలా ఉన్నారు?" అంది.

అవతల కాసేపు చప్పుడు లేదు. "ఏమే, దానికి ఒంట్లో బాగానే ఉందా? నన్ను మీరంటుందేమిటి, పరాయిదాన్లాగా?" అంది మా అమ్మ.

అమ్మాయి ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి నావైపు తిరిగింది. "మరి రూల్ ఏంటి?"