చినమావయ్య కంట్లో పేరుకున్న మందు

పర్లాకిమిడిలో ఉండే మా చినమావయ్య స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుకు దాదాపు ముప్పై ఏళ్లు క్లోర్‌ప్రొమజైన్ మాత్రలు వేసుకున్నారు. 1952 నుంచి మానసిక వైద్యంలో వాడుకలో ఉన్న ఈ మందు ఆయన్ను ఇంటిపట్టున నిలబెట్టిందన్న మాటను మాలో ఎవరమూ కాదనం.

రెండేళ్ల కిందట ఆయన, పొద్దున్న లేవగానే మహేంద్రతనయ నది ఒడ్డు మొత్తం మంచులో మునిగినట్లు ఉంటోందనీ, మధ్యాహ్నానికి కొంత తేటపడుతోందనీ చెప్పసాగారు. శుక్లాల ఆపరేషన్ అప్పటికే అయింది కదా, కళ్లద్దాలు మారిస్తే సరిపోతుందని మేమే తేల్చేసుకుని ఆరునెలలు పోగొట్టాం.

విశాఖలో కంటి డాక్టరుగారు స్లిట్ ల్యాంప్ అనే కంటి పరీక్ష యంత్రంతో చూసి, కార్నియా (కంటి ముందుండే అద్దంలాంటి పొర) వెనుక పొర మీద, రెప్పల మధ్య వెలుతురు తగిలే మేరన, గోధుమరంగు పొడి పేరుకుని ఉందన్నారు. ఏళ్ల తరబడి పెద్ద మోతాదులో వాడినవారిలో ఈ మందు కంటి కణజాలంలో చేరుతుంది. కటకం ముందుభాగంలోనైతే నక్షత్రంలా పేరుకుంటుంది. మావయ్యకు అది శుక్లాల ఆపరేషన్‌లో తీసేసిన పాత కటకంతోపాటే పోయింది. ఈ పొడి చాలామందికి చూపును చెరపదు, పరీక్షలు చేయించుకుంటూ ఉంటే చాలు. మావయ్యకు మాత్రం కార్నియాలోని నీటిని బయటికి తోడే లోపలి కణాలు బాగా తగ్గిపోయాయి. పెద్దవారిలో ఆ కణాలు మళ్లీ పెరగవు. రాత్రంతా రెప్పలు మూసి ఉండడంతో నీరు ఆవిరి కాక కార్నియా ఉబ్బడమే పొద్దుటి మసకకు కారణం.

లేజరుతో గీకేయకూడదా అని మా బావ అడిగాడు. పొడి పైపొరలో ఉంటే వేరు సంగతి, అన్నిటికన్నా లోపలి పొరలో ఉన్నదాన్ని పైనుంచి గీకడం కుదరదు. అందువల్ల చిన్న కోత పెట్టి, పాడైన లోపలి పొరను ఒలిచేసి, చనిపోయిన ఒక దాత కంటినుంచి తీసిన పల్చటి పొరను లోపలికి పంపి, గాలి బుడగతో అదిమి అంటించారు. ఆ బుడగ పైకి తేలి పొరను నొక్కి ఉంచాలి గనుక రోగి వెల్లకిలా పడుకుని పైకప్పునే చూస్తుండాలి. సాయంత్రమైతే చెవుల్లో మాటలు వినిపించి లేచి తిరిగే మనిషి అలా పడుకోగలరా అన్నదే మా అందరి భయం. మానసిక వైద్యుడితో ముందే మాట్లాడి మాత్రల వేళలు సర్దించుకున్నాం. అత్తయ్య మంచం పక్కనే కూర్చుని ఆయన ఛాతీమీద చేయి వేసి ఉంచింది. మావయ్య మాత్రం, “పైకప్పు చూడ్డమే కదా, ముప్పై ఏళ్లుగా నేను చేస్తున్న పనే” అన్నారు. నర్సు కూడా నవ్వు ఆపుకోలేకపోయింది.

ఈ సంగతులన్నీ విన్నరోజే అత్తయ్య మాత్రలన్నీ తీసుకెళ్లి నదిలో పారేస్తానంది. మందు ఉన్నపళంగా మానేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది, పేరుకున్న పొడి మాత్రం వెంటనే పోదు. చివరికి మానసిక వైద్యుడే నెమ్మదిగా వేరే మందుకు మార్చారు. ఆ నిర్ణయం ఇంట్లోవాళ్లు తీసుకోదగ్గది కాదని నా అభిప్రాయం.

రెండో కంట్లోనూ అదే పొడి ఉంది, కాని కణాలు చాలినన్ని ఉండడంతో ఇప్పటికి కత్తి అవసరం లేదన్నారు. ఆపరేషన్ అయిన కన్ను ఎర్రబడినా, నొప్పెట్టినా, చూపు మసకబారినా మర్నాటిదాకా ఆగకుండా బయలుదేరాలి, ఎందుకంటే శరీరం కొత్త పొరను తిప్పికొట్టే లక్షణాలు అవే. స్టెరాయిడ్ చుక్కలు చాలాకాలం వేయాలి, వాటివల్ల కంటి ఒత్తిడి పెరగకుండా చూసుకోవాలి. ఆ చుక్కల వేళలను మావయ్య వంటింటి గోడమీద బొగ్గుతో, ఒడియా అంకెల్లో రాసుకున్నారు. మా ఇంట్లో వాటిని చదవడం వచ్చింది ఆయనకూ, అత్తయ్యకూ మాత్రమే.